అలీపూర్ జూకి ఒక పూట ఇవ్వండి

(అమలాపురంలో ఆదివారం సాయంత్రం గ్రంథాలయం హాల్లో ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్ గారు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా వారు మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారమండి. పిల్లలూ, మీరు ముందుకొచ్చి చాపల మీద కూర్చోండమ్మా, వెనకాల ఫ్యాను చప్పుడులో సరిగ్గా వినబడదు. పెద్దవాళ్లు కుర్చీల్లోనే ఉండండి.

నన్నెందుకు మాట్లాడమన్నారో మీకు తెలుసు. డిసెంబరు సెలవుల్లో మనవాళ్లు చాలామంది కలిసి కలకత్తా వెళ్తున్నారు. ప్రోగ్రాం కాగితం నాకూ ఇచ్చారు. కాళీఘాట్, దక్షిణేశ్వరం, బేలూరు మఠం, విక్టోరియా మెమోరియల్, హౌరా బ్రిడ్జి, అన్నీ ఉన్నాయి, బావుంది. చివర్లో రాశారు, "జూ, ఒక గంట" అని. గంటండీ! నూట యాభై ఏళ్ల నాటి అలీపూర్ జూకి ఒక గంట. ఆ గంటలో ఏం జరుగుతుందో చెప్పమంటారా? టికెట్లకి పావుగంట, బాత్రూములకి పావుగంట, ఆ తర్వాత పులెక్కడ పులెక్కడ అని పరుగులు, తీరా వెళ్తే అది పడుకుని ఉంటుంది, "ఏంటిది, లేవదేంటి" అని నాలుగు ఈలలు, ఒక సెల్ఫీ, పిల్లాడికి ఐస్‌క్రీము, ఈలోగా బస్సువాడి హారను. ఇంటికొచ్చి జూ చూసొచ్చాం అంటాం. చూడలేదండీ, దాటుకుంటూ వచ్చాం అంతే. ఇవాళ నేను మిమ్మల్ని అడగబోయేది ఒక్కటే. ఆ జూకి ఒక పూట ఇవ్వండి. పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నం దాకా ఉండండి. ఎందుకు ఇవ్వాలో, ఇస్తే ఆ పూట ఏం చెయ్యాలో చెప్తాను.

మనకి విశాఖపట్నంలో జూ లేదా, అంత దూరం పోయి మళ్లీ జూయేనా అని ఎవరైనా అడగొచ్చు. విశాఖ జూ నాకూ ఇష్టమే. కంబాలకొండ అడవి అంచున ఉంది, 1977లో తెరిచారు, జంతువులకి చోటు బాగా ఉంటుంది. హైదరాబాదు జూ 1963 అక్టోబరులో తెరిచారు, మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాలు. అంతకుముందు నాంపల్లి దగ్గర బాగె ఆం అని నిజాం నాటి తోట, ఇప్పుడు పబ్లిక్ గార్డెన్స్ అంటున్నాం కదా, అక్కడుండేవి ఆ జంతువులు. అక్కణ్ణుంచి తెచ్చినవాటిలో ఒక గాలపాగోస్ తాబేలు 2024 మార్చి దాకా బతికింది, నూట పాతికేళ్లు ఉంటాయన్నారు. మద్రాసులో అయితే ఇంకా ముందే, 1855లోనే, మ్యూజియం ఆవరణలో జంతువుల్ని పెట్టారు. కానీ ఆ జూ తర్వాత ఊరి బయట వండలూరుకి వెళ్లిపోయింది, పాత చోట ఇప్పుడు చూద్దామన్నా ఏమీ ఉండదు.

అలీపూర్ అలా కాదు. మొదలుపెట్టిన చోటే ఉంది, మహానగరం నడిమధ్య, చుట్టూ ట్రాఫిక్. ఎదురుగా నేషనల్ లైబ్రరీ. ఎంత స్థలమో తెలుసా? 45 ఎకరాలు. భీమవరం వైపు ఒక్క పెద్ద రైతు చేపల చెరువులన్నీ కలిపితే అంత ఉంటుంది. అందులోనే పులులు, సింహాలు, ఏనుగులు, జిరాఫీలు, మొసళ్లు, పక్షులు. ఇరుకే. ఇరుకు కాదని నేను అనను. ఆ ఇరుకులోనే దాని చరిత్ర కూడా ఉంది, ఒక బోనుకీ ఇంకో బోనుకీ మధ్య వందేళ్ల తేడా కంటికి కనబడుతుంది, అందుకే అక్కడికి వెళ్లమంటున్నాను.

ఇప్పుడు ఆ చరిత్ర. కొంచెం ఓపిక పట్టండి, ఇందులో మన సంగతి కూడా ఉంది.

ఆ జూని తెరిచింది 1876 జనవరి 1న. తెరిచింది వేల్స్ యువరాజు, తర్వాత ఏడో ఎడ్వర్డ్ అయ్యాడే, ఆయన. స్థలం ఇప్పించి, పనులు కదిలించి, వెనక నిలబడింది బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నరు సర్ రిచర్డ్ టెంపుల్. సరే. 1876 అంటే ఇక్కడున్న పెద్దవాళ్లకి ఇంకో మాట గుర్తు రావాలి. మాస్టారూ, మీకు వచ్చిందా? ఆఁ, అదే. ధాత కరువు. ధాత నామ సంవత్సరం. బళ్లారి, కర్నూలు, కడప, అటంతా జనం లక్షల్లో పోయారు. మనకి 1852 నాటికే ధవళేశ్వరం ఆనకట్ట ఉంది కాబట్టి, కాటన్ దొర కాలవలు పారాయి కాబట్టి, మన డెల్టాకి తిండి దొరికింది. లేకపోతే మన ముత్తాతలు కూడా ఆ లెక్కలోకే వెళ్లేవాళ్లు.

ఆ కరువులో సహాయం పనుల మీద ఖర్చు ఎక్కువైపోతోందని, తగ్గించమని, 1877 మొదట్లో మద్రాసు ప్రెసిడెన్సీకి ఒక అధికారిని పంపారు. ఎవర్ని పంపారనుకుంటున్నారు? ఇదే రిచర్డ్ టెంపుల్ ని. ఎండలో రాళ్లు కొట్టే మగమనిషికి రోజుకి ఒక పౌను గింజలు, పైన కాసిని డబ్బులు, అంతకంటే వద్దని ఆయన తేల్చాడు. పౌనంటే అరకిలో కూడా కాదండీ. దానితో మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ అనే డాక్టరు గట్టిగా పోట్లాడాడు. కొన్నాళ్లకి పెంచారు, ఆలోగా పోవాల్సినవాళ్లు పోయారు. చరిత్ర పుస్తకాల్లో ఆ కూలికి టెంపుల్ పేరే నిలిచిపోయింది.

నేను జూ కట్టడం తప్పు అనట్లేదు. పులికి మాంసం వేసినందుకు కరువొచ్చిందని అనట్లేదు. ఏడాది తిరిగేసరికి ఒకే మనిషి చేతుల మీదుగా ఈ రెండూ జరిగాయి, అంతే. ఆ గేటు దగ్గర నిలబడి టికెట్టు తీసుకునేటప్పుడు మన గోదావరివాళ్లకి ఈ సంగతి కూడా తెలిసి ఉండాలని నాకు గట్టిగా ఉంది. పాత కట్టడాన్ని చూసి అబ్బ ఎంత బావుందో అనేసి వచ్చేస్తే సగమే చూసినట్టు.

మొదట్లో జంతువులు ఎక్కడివి? ష్వెండ్లర్ అని ఒక జర్మన్ టెలిగ్రాఫ్ ఇంజనీరు, ఆయనకి సొంతంగా పెంచుకునే జంతువులుండేవి, అవి ఇచ్చాడు. ఆయన గుర్తుగా కట్టిన స్తంభం ఇప్పటికీ జూలో ఉంది. తర్వాత బారక్‌పూర్ నుంచి కొన్ని వచ్చాయి. బారక్‌పూర్‌లో గవర్నర్ జనరల్ వెల్లస్లీ పంతొమ్మిదో శతాబ్దం మొదట్లోనే ఒక జంతుశాల పెట్టించాడు, పెద్దదొరల తోటలో. అలా వచ్చినవాటిలో అద్వైత అని పిలిచే తాబేలు ఒకటి. అల్డాబ్రా తాబేలు, హిందూ మహాసముద్రం దీవులది. రాబర్ట్ క్లైవ్ దగ్గరుండేదని చెప్తారు, 2006 మార్చిలో చనిపోయింది, రెండొందల యాభై ఏళ్లు అంటారు. ఆ వయసుకి గట్టి రుజువు మాత్రం లేదు. క్లైవ్ కథ జనం చెప్పుకునేది. కానీ జూ తెరిచిన కొత్తల్లో వచ్చి 2006 దాకా ఉందంటే, ఆ లెక్కే చాలు కదండీ. దాని ముందు నిలబడి చూసిన పిల్లలు ముసలివాళ్లై వాళ్ల మనవల్ని తీసుకొచ్చినా అది అక్కడే గడ్డి తింటూ ఉంది.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. రామబ్రహ్మ సన్యాల్.

ఈ పేరు ఎంతమంది విన్నారు? చేతులెత్తండి. చూశారా. జువాలజీ పాఠం చెప్పిన నేను కూడా మా సిలబస్‌లో ఈ పేరు ఎక్కడా చదవలేదు. ముర్షిదాబాద్ జిల్లా కుర్రాడు, 1858లో పుట్టాడు. కలకత్తా మెడికల్ కాలేజీలో చేరాడు. డాక్టరు అయిపోవాల్సినవాడు. కంటిచూపు దెబ్బతింది, చదువు ఆపేయాల్సి వచ్చింది. ఇరవై ఏళ్లు నిండలేదు, చదువు పోయింది, కళ్లు అంతంతమాత్రం. ఆయన ప్రొఫెసర్ జార్జ్ కింగ్, శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్ కూడా ఆయన చేతిలోనే ఉండేది, ఈ కుర్రాణ్ణి కొత్తగా కడుతున్న జూలో కూలీల పనులు చూసుకోమని పెట్టించాడు. మొక్కలు నాటించడం, మట్టి పోయించడం, అలాంటి పని. అక్కడ మొదలై, కొన్నేళ్లకి ఆ జూకి సూపరింటెండెంట్ అయ్యాడు. ఆ పదవిలో మొదటి భారతీయుడు ఆయనే. 1880ల సంగతి ఇది, అప్పట్లో అలాంటి కుర్చీల్లో మనవాళ్లని కూర్చోబెట్టేవాళ్లు కాదని మీకు నేను చెప్పక్కర్లేదు.

ఎలా అయ్యాడు? రోజూ రాసేవాడు. అంతేనండీ, రోజూ రాసేవాడు. ఏ జంతువు వచ్చింది, ఏది పోయింది, ఏం తింది, ఏం వదిలేసింది, చలికి ఎలా ఉంది, వానకి ఎలా ఉంది, ఎప్పుడు ఎదకి వచ్చింది, పిల్ల పుడితే ఎన్నాళ్లకి కళ్లు తెరిచింది. కళ్లు సరిగ్గా లేవని డాక్టరు చదువు మానేసిన మనిషి, ఆ రోజుల్లో ఈ దేశంలో జంతువుల్ని అంత శ్రద్ధగా చూసినవాళ్లు ఇంకొకరు ఉన్నారా అనిపించేటట్టు చూశాడు. ఆ రాతలన్నీ కలిపి 1892లో ఇంగ్లీషులో పుస్తకం వేశారు. రెండొందలకి పైగా పాలిచ్చే జంతువులు, నాలుగొందల దాకా పక్షులు, ఒక్కోదాన్నీ బోనులో ఎలా ఉంచాలి, ఏం పెట్టాలి, జబ్బు చేస్తే ఏం చెయ్యాలి. లండన్‌లో సైన్సు పత్రికలు దాన్ని మెచ్చుకున్నాయి. జూ నడిపేవాళ్లకి పనికొచ్చే అలాంటి పుస్తకం అంతకుముందు దాదాపు లేదు.

ఒక్క ఉదాహరణ చెప్తాను, పిల్లలూ ఇది జాగ్రత్తగా వినండి. సుమత్రా ఖడ్గమృగం అని ఉంది. ఖడ్గమృగాల్లో అన్నిటికంటే చిన్నది, ఒంటి మీద వెంట్రుకలుంటాయి. 1889లో అలీపూర్ జూలో ఆ జంతువు ఈనింది, పిల్ల బతికింది. రామబ్రహ్మ గారు చూస్తుండగా జరిగింది, ఆయన రాసిపెట్టాడు. ఆ తర్వాత మళ్లీ మనుషుల పెంపకంలో ఆ జాతి పిల్ల పుట్టి నిలిచింది ఎప్పుడు? 2001లో. అమెరికాలో సిన్సినాటి జూలో. మధ్యలో ఎన్నేళ్లు? లెక్క కట్టండి. నూట పన్నెండు. నూట పన్నెండేళ్లు ప్రపంచంలో ఏ జూ వల్లా కాని పని, ఆ 45 ఎకరాల్లో, కరెంటు లేని రోజుల్లో అయింది. ఇవాళ ఆ ఖడ్గమృగాలు ప్రపంచం మొత్తం మీద వంద కూడా లేవు.

అదే జూలో తర్వాత జరిగింది కూడా చెప్పాలి, చెప్పకపోతే న్యాయం కాదు. 1970లలో పులినీ సింహాన్నీ కలిపి టైగాన్ అని పుట్టించారు, రుద్రాణి అని దాని పేరు. దాన్ని మళ్లీ సింహంతో కలిపి లిటిగాన్ అని పుట్టించారు. జనం విరగబడి చూశారు. ఎందుకది? ఏ అడవికి పనికొస్తుంది ఆ జంతువు? దాని వంశం ఎక్కడికి పోతుంది? వింతగా చూపించడానికి తప్ప దేనికీ కాదు. ఇప్పుడు మన దేశంలో జూలు అలాంటి సంకరం చెయ్యకూడదు. 1992లో సెంట్రల్ జూ అథారిటీ వచ్చింది, బోను ఎంత ఉండాలి, డాక్టరు ఉన్నాడా లేడా, ఏ జంతువును ఏ జూకి మార్చొచ్చు, అన్నీ వాళ్ల అనుమతితోనే. వందేళ్ల ముందు ఒక మనిషి పుస్తకం రాసి చెప్పినదాన్ని మధ్యలో వదిలేసి, మళ్లీ చట్టం పెట్టుకుని నేర్చుకున్నాం. నాకు ఇది బాధగానే ఉంటుంది.

సరే, ఇప్పుడు మీరు గేటులోపలికి వెళ్లారనుకుందాం.

మొదట ఒక సంగతి. రైలు హౌరా చేరకముందు సంత్రాగాచి స్టేషను వస్తుంది. ఆ స్టేషనును ఆనుకునే చెరువుంది, చలికాలంలో ఈల బాతులు వేలల్లో దిగుతాయి. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు చూడండి. ఇవే బాతులు ఒకప్పుడు అలీపూర్ జూలోని చెరువు మీద కూడా అలాగే దిగేవి. ఎవరూ తెచ్చి పెట్టినవి కాదు, వాటంతట అవే వచ్చేవి. జూ చుట్టూ ఎత్తయిన బిల్డింగులు లేచాయి, బాతులు తగ్గిపోయాయి. జూలోపలికి వెళ్లాక ఆ చెరువు గట్టు మీద ఒక్క ఐదు నిమిషాలు ఆగండి.

పులి దగ్గర అందరూ ఉంటారు. మీరు ఉండండి, తప్పులేదు. కాకపోతే పడుకున్న పులిని లేపాలని చూడకండి. 1996 జనవరి 1న అదే జూలో, తాగి ఉన్న మనుషులు కొందరు పులి మెడలో దండ వేస్తామని కందకం దాటి లోపలికి దిగారు. ఒకతను చనిపోయాడు. పులి తప్పేముంది అందులో? పులి ఇంటికి మనిషి వెళ్లాడు. చట్టం కూడా ఉంది, వన్యప్రాణి చట్టంలో 38జె అనే సెక్షను, జూలో జంతువుని ఏడిపించకూడదు, తిండి వెయ్యకూడదు, గోల చెయ్యకూడదు, చెత్త వెయ్యకూడదు. కోతికి బిస్కెట్టు వేస్తే ఏమవుతుందండీ అంటారు. రోజుకి వేలమంది వస్తారు, ఒక్కొక్కరూ ఒక్క బిస్కెట్టు వేస్తే ఏమవుతుందో ఆలోచించండి. కవరుతో సహా మింగేస్తే దాని పేగుకి అడ్డం పడుతుంది.

ఇప్పుడు నేను చెప్పే పద్ధతి. అన్నీ చూడకండి. ఒక చుట్టు తిరగండి, గంటన్నర పడుతుంది, ఏదైనా ఒక జంతువు మనసుకి పట్టుకుంటుంది. మళ్లీ వెనక్కి దాని దగ్గరికే వెళ్లండి. అక్కడ అరగంట నిలబడండి. ఫోను లోపల పెట్టేయండి. చిన్న నోటు పుస్తకం, పెన్సిలు. పిల్లలకి ఇది తప్పకుండా ఇవ్వండి. ఏం రాయాలి? కనబడింది రాయాలి. చెవి ఎటు తిప్పింది, తోక ఎలా ఉంది, ఎక్కడ పడుకుంది, ఎండలోనా నీడలోనా, మనల్ని చూస్తోందా మనల్ని దాటి వెనక్కి చూస్తోందా. మొదటి పది నిమిషాలు విసుగొస్తుంది. వస్తుందండీ, నాకూ వస్తుంది. పదిహేను నిమిషాలు దాటాక మీకు కనబడటం మొదలవుతుంది.

నేను అలా ఒక చిరుతపులి దగ్గర నిలబడ్డాను. కంచె పొడుగునా అటూ ఇటూ నడుస్తోంది. అందరూ "భలే, తిరుగుతోంది చూడు" అంటున్నారు. కాసేపు చూశాక తెలిసింది, ఆ మూల మలుపు దగ్గర ప్రతిసారీ అదే కాలు, ఎడమ ముందుకాలు, అదే చోట పెడుతోంది. ఆ చోట గడ్డి లేదు, నేల నున్నగా అరిగి మెరుస్తోంది. తల ప్రతిసారీ ఒకే లాగా పైకెత్తి తిప్పుతోంది. అది షికారు కాదండీ, అది బోనులో ఉన్న జంతువుకి వచ్చే అలవాటు, మనసుకి పని లేక వస్తుంది. అడవిలో ఎక్కువ దూరం తిరిగే మాంసాహార జంతువులకే ఇది ఎక్కువగా వస్తుందని 2003లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. దీనికి మందేమిటి? చోటు పెంచడం, ఎక్కడానికి దుంగలు, దాక్కోవడానికి పొదలు, తిండి ఒకేచోట పడెయ్యకుండా వెతుక్కునేలా దాచి పెట్టడం. ఇవి చేసిన ఎన్‌క్లోజర్లూ అక్కడ ఉన్నాయి, చెయ్యనివీ ఉన్నాయి. రెండూ చూసి పోల్చుకోండి. కంప్లయింటు పుస్తకంలో రాయాలనిపిస్తే మర్యాదగా రాయండి, ఏ జంతువు, ఏ మూల, ఎంతసేపు చూశారు అని. ఊరికే "బాలేదు" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు.

కీపర్లతో మాట్లాడండి. హిందీ వచ్చినంత చాలు. పని మీద ఉన్నప్పుడు కాదు, ఊపిరి తీసుకుంటున్నప్పుడు. వాళ్లకి తెలిసినంత నాలాంటి లెక్చరర్లకి తెలియదు. కీపరు ఇంకా మలుపు తిరగకముందే, కనబడకముందే, లోపల జంతువు లేచి నిలబడటం నేను చూశాను. అడుగుల చప్పుడు గుర్తుపడుతుంది. బాబు అనే చింపాంజీ ఆ జూలో పేరున్నవాడు, వాడి దగ్గర ఎప్పుడూ జనమే, కుదిరితే చూడండి.

ఇక మన జంతువు.

అవునండీ, మన జంతువు. బావురుపిల్లి. ఇక్కడ కొంతమంది నీటిపిల్లి అని కూడా అంటారు. పశ్చిమ బెంగాల్‌కి అది రాష్ట్ర జంతువు. అక్కడివాళ్లు అంత గౌరవం ఇచ్చుకున్న జంతువు మనింట్లో ఉంది, మన కోరింగ మడ అడవుల్లో. కాకినాడ పక్కన, గోదావరి సముద్రంలో కలిసేచోట, 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, 1978 నుంచి ఉంది. మనలో ఎంతమంది చొల్లంగి దగ్గర ఆ చెక్క వంతెన మీద నడిచారు? చాలామంది. బావురుపిల్లిని చూసినవాళ్లు? ఇద్దరు. సరే, ఇద్దరున్నారు, సంతోషం.

అది రాత్రి తిరిగే జంతువు, మనకి కనబడదు. అందుకే జూలో దాన్ని నేను చాలాసేపు చూశాను. ఇంటిపిల్లికి రెండింతలుంటుంది, మట్టి రంగు, ఒంటి మీద నల్లచుక్కలు వరసలుగా. తోక పొట్టి. వేళ్ల మధ్య కొంచెం చర్మం ఉంటుంది, నీళ్లలో పనికొస్తుంది. నీళ్ల తొట్టి అంచున కూర్చుంది. ఒక పంజా చాపి నీళ్ల మీద తట్టింది, చాలా మెల్లగా, పురుగు వాలినట్టు. ఆగింది. మళ్లీ తట్టింది. ఆ అలికిడికి పురుగు పడిందనుకుని చేప పైకి వస్తుందన్నమాట. తొట్టిలో చేప లేదు. అయినా తడుతోంది. దాని తల్లి నేర్పిందో, రక్తంలో ఉందో, తడుతూనే ఉంది. నా పక్కన ఒక కుటుంబం వచ్చి, "ఇదేంటి, పిల్లేగా" అని వెళ్లిపోయారు. నాకు మాత్రం కాళ్లు కదల్లేదు.

మనవాళ్లు చాలామందికి కలకత్తాతో చేపల సంబంధమే ఉంది. మన శీలావతి, మన బొచ్చె ఐసు పెట్టి లారీలెక్కి హౌరా మార్కెట్టుకి వెళ్తాయి. వెయ్యి కిలోమీటర్లు. ఆ చెరువులు తవ్వినచోట ముందు ఏముండేది? కొన్నిచోట్ల వరి, కొన్నిచోట్ల మడ, తుంగ, చిత్తడి. ఆ చిత్తడే దీని ఇల్లు. ఇల్లు పోయింది, చెరువు గట్టు మీదికి వచ్చింది, రోడ్డు దాటుతుంటే బండి కింద పడింది, లేకపోతే దొంగపిల్లి అని కొట్టారు. చెరువులు వద్దని నేను అనట్లేదు, నా తమ్ముడికీ రొయ్యల చెరువుంది. కానీ టికెట్టు కొని మరీ చూడాల్సిన జంతువు మన గట్టు మీదికి వస్తే కర్ర తీసుకోవడం, దానికి నేను ఒప్పుకోను.

త్వరత్వరగా కొన్ని మాటలు, తర్వాత ప్రశ్నలు. ఒకటి, అలీపూర్ జూకి గురువారం సెలవు. మీ కాగితంలో జూ గురువారమే పెట్టారు, మార్పించండి. డిసెంబరు 25నా, జనవరి 1నా అస్సలు వద్దు, కలకత్తా మొత్తం అక్కడే ఉంటుంది, జంతువు కనబడదు, జనం తలలే కనబడతాయి. పొద్దున గేటు తెరవగానే వెళ్లండి, అప్పుడు జంతువులు చురుగ్గా ఉంటాయి. నీళ్ల సీసాలు తిరిగి తెచ్చుకోండి. నడవలేనివాళ్లు ముందే చెరువు పక్కన బెంచీ చూసుకుని కూర్చోండి. జూ అయ్యాక కాళీఘాట్ దగ్గరే, ఆటోలో వెళ్లిపోవచ్చు.

ఆఁ, అమ్మా, నువ్వు అడుగు. గట్టిగా.

ఈ పాప అడుగుతోంది, అసలు బోనుల్లో పెట్టడం తప్పు కాదా సార్ అని. తల్లీ, మంచి ప్రశ్న. నా మటుకు నేను చెప్తాను. వేడుక కోసం పెడితే తప్పే. రుద్రాణిని పుట్టించడం తప్పే. కానీ కొన్ని జంతువులు జూలో లేకపోతే ఇప్పటికి అసలు ఉండేవి కాదు. హైదరాబాదు జూలో మూషిక జింక అని కుందేలంత జింక, అక్కడే ఉన్న సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ సైంటిస్టులతో కలిసి 2010 నుంచి దాని సంఖ్య పెంచి, నల్లమల అడవిలో తిరిగి వదిలారు. అది మంచి పనా కాదా? మంచి పనే. ఆ పని చేసే జూ ఉండాలి. ఏనుగు, చింపాంజీ, ఇలాంటివాటికి ఏ జూ సరిపోతుందో నాకు నమ్మకం లేదు. నువ్వు వెళ్లి చూసి, నీ పుస్తకంలో రాసుకుని, వచ్చాక నీ మాటేంటో నాకు చెప్పు. నేను వింటాను.

వెనకాల బాబాయిగారు ఏదో అంటున్నారు. ఆఁ. చెరువు మీదికి బావురుపిల్లి వస్తే మరి ఏం చెయ్యమంటారు, నష్టం మాది కదా అంటున్నారు. న్యాయమైన మాటేనండి. చంపితే మాత్రం జైలే, అది వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ ఒకటిలో ఉన్న జంతువు, పులికి ఎంత రక్షణో దానికీ అంతే. ఉచ్చులు పెట్టకండి, కుక్కల్ని వదలకండి. గట్టు మీద లైటు వేసి ఉంచండి, చచ్చిన చేపలు గట్టునే పారెయ్యకుండా పూడ్చిపెట్టండి, ఆ వాసనకే వస్తుంది. మళ్లీ మళ్లీ వస్తుంటే ఫారెస్టు వాళ్లకి ఫోను చెయ్యండి. ఇంకో పని కూడా మీరే చెయ్యగలరు, మేమెవరం చెయ్యలేం, ఎందుకంటే రాత్రి గట్టు మీద ఉండేది మీ కాపలా మనిషి. కనబడితే టార్చి వేసి ఒక ఫొటో తియ్యమనండి. ఫొటో రాకపోయినా ఫర్వాలేదు. ఏ ఊరు, ఏ చెరువు, ఏ తేదీ, రాత్రి ఎన్నింటికి, ఒక్కటే వచ్చిందా పిల్లలతో వచ్చిందా, అది కాగితం మీద రాయించి ఈ గ్రంథాలయంలో ఇవ్వండి, నేను వచ్చి తీసుకుంటాను. టైము మాత్రం మర్చిపోకుండా రాయించండి.